ల్యాప్‌టాప్ లేని మిడి సెటప్: రూటింగ్, ఫిల్టరింగ్ బాక్స్ ఎంపిక డైరీ

లక్ష్యం

స్విచ్ వేయగానే ఐదు వాయిద్యాలూ మిడి మీద (ఏ కీ నొక్కారు, ఎప్పుడు వదిలారు లాంటి సందేశాలను వాయిద్యాలు పంపుకునే పద్ధతి) ఒకదాని మాట ఒకటి వినాలి. మధ్యలో ల్యాప్‌టాప్ ఉండకూడదు. ఈ ప్రాజెక్టులో కావాల్సింది ఈ రెండే.

ఇప్పటిదాకా ఈ పని కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. బాగానే చేస్తోంది కూడా. కానీ అప్‌డేట్ కావాలని అడిగే యంత్రం, కాసేపు ముట్టుకోకపోతే నిద్రపోయే యంత్రం, వైరు తీసి పెడితే పోర్టు పేర్లు మార్చేసే యంత్రం వాయించే చోట నాకు వద్దు. పాట మొదలుపెట్టబోతూ డ్రైవర్ లోడ్ అయిందో లేదో అన్న టెన్షన్ ఉంటే మనసు వాయింపు మీద నిలవదు. ఏ సందేశం ఎటు వెళ్లాలో చూసుకునే పని, అక్కర్లేని సందేశాన్ని ఆపే పని రూటర్ అనే ఒక చిన్న బాక్స్‌కు అప్పగించాలి.

ఇదే పని తలపెట్టిన వాళ్లకు ఉపయోగపడుతుందని ఈ డైరీ రాస్తున్నాను. ఇలాంటి బాక్స్‌ల ప్రకటనల్లో పోర్టుల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నిజంగా తేడా తెచ్చే విషయాలు మాన్యువల్ మధ్య పేజీల్లో ఎక్కడో ఉంటాయి. నేను వెతికింది వాటి కోసమే.

సామాను

88 కీల మాస్టర్ కీబోర్డ్, సొంత శబ్దం లేదు, డిన్ (ఐదు పిన్నుల గుండ్రటి మిడి సాకెట్) అవుట్ ఉంది. 16 చానళ్ల మీద (ఒకే వైరులో సందేశాలను వేరు చేసే నంబర్లు) పలికే పాత ర్యాక్ సౌండ్ మాడ్యూల్. డ్రమ్ మెషీన్, డిన్ ఇన్, అవుట్ రెండూ ఉన్నాయి. టెంపో నిర్ణయించేది ఇదే. ఒక్కసారికి ఒకే స్వరం పలికే చిన్న మోనో సింథ్, దీనికి ఐదు పిన్నుల సాకెట్ బదులు 3.5 మిల్లీమీటర్ల జాక్. చివరిది ప్యాడ్ కంట్రోలర్, దానికి యూఎస్‌బీ తప్ప మరో దారి లేదు.

అంటే లోపలికి వచ్చే దారులు మూడు: కీబోర్డ్, డ్రమ్ మెషీన్, ప్యాడ్‌లు. బయటికి పోయే దారులు మూడు: మాడ్యూల్, డ్రమ్ మెషీన్, మోనో సింథ్. ఇంతేనా అనిపిస్తుంది. త్రూ సాకెట్ల నుంచి (వచ్చిన సందేశాన్ని అలాగే ముందుకు పంపేవి) ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కలిపేస్తే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. ఒకే పరికరం మాట్లాడి మిగతావన్నీ వింటే సరిపోతుంది. ఇక్కడ మాట్లాడేవి మూడు. పైగా ప్రతి ఇన్ సాకెట్ దగ్గరా ఒక ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుగు ద్వారా దాటించే భాగం) ఉంటుంది, సిగ్నల్ దాన్ని దాటిన ప్రతిసారీ అలల అంచులు కొద్దికొద్దిగా వాలిపోతాయి. గొలుసు పొడుగయ్యే కొద్దీ బైట్లు తప్పుగా చదివే ప్రమాదం పెరుగుతుంది. గొలుసు వల్ల ఆలస్యం వస్తుందని చాలామంది అంటారు, కానీ నిజమైన ఇబ్బంది ఈ అంచుల దగ్గరే.

కాగితం మీద పట్టిక

బాక్స్‌ల పేర్లు చూడటం మొదలుపెట్టక ముందే పట్టిక గీశాను. ఎడమ వైపు మాట్లాడేవి, పైన వినేవి. ప్రతి గడిలో మూడు విషయాలు: ఏ చానల్ నుంచి ఏ చానల్‌కు, ఏ స్వరాల మధ్య, ఏ రకం సందేశాలు వద్దు.

కీబోర్డ్ నుంచి మాడ్యూల్‌కు: అన్ని స్వరాలు, చానల్ 1. కీబోర్డ్ నుంచి మోనో సింథ్‌కు: 60వ స్వరానికి కింద ఉన్నవే, చానల్ 2కు మార్చి. ఇక్కడ స్వరాల పేర్లు రాయలేదు, నంబర్లే రాశాను. 60వ నంబరును కొన్ని కంపెనీలు సీ3 అంటాయి, కొన్ని సీ4 అంటాయి. నంబరైతే అందరికీ ఒకటే. ప్యాడ్‌ల నుంచి: 36 నుంచి 43 వరకు డ్రమ్ మెషీన్‌కు చానల్ 10 మీద, 44 నుంచి 51 వరకు మాడ్యూల్‌కు చానల్ 5 మీద. డ్రమ్ మెషీన్ నుంచి మోనో సింథ్‌కు: క్లాక్ (టెంపో తెలిపే సందేశం), స్టార్ట్, స్టాప్, కంటిన్యూ. స్వరాలు వద్దు.

ఒక గడిని ఖాళీగా వదలకుండా ఎర్ర పెన్నుతో కొట్టేశాను: డ్రమ్ మెషీన్ నుంచి డ్రమ్ మెషీన్‌కు. లోపలికి వచ్చినదాన్ని మళ్లీ అవుట్‌లో పంపే సెట్టింగ్ చాలా డ్రమ్ మెషీన్లలో ఉంటుంది. అది ఆన్‌లో ఉండి, రూటర్ కూడా తిప్పి అక్కడికే పంపితే ఒక్క స్వరం ఆగకుండా చక్కర్లు కొడుతూ వైరు మొత్తాన్ని నింపేస్తుంది.

ఈ కాగితమే తర్వాత ఎంపికంతా చేసింది. మీరూ ఇలాంటి బాక్స్ చూస్తుంటే ముందు గంటసేపు దీనికే ఇవ్వండి.

బైట్ల లెక్క

మిడి 1983లో జనం ముందుకు వచ్చింది. ఆ ఏడాది జనవరిలో నామ్ అనే వాయిద్యాల వ్యాపార ప్రదర్శనలో సీక్వెన్షియల్ వాళ్ల ప్రాఫెట్-600ను, రోలాండ్ వాళ్ల జూపిటర్-6ను కలిపి చూపించారు. వేరువేరు కంపెనీల వాయిద్యాలు ఒకే వైరుతో మాట్లాడుకున్నాయి. ఆనాటి వేగమే డిన్ వైరు మీద ఈనాటికీ ఉంది: సెకనుకు 31,250 బిట్లు. ఒక్కో బైట్‌కు ముందొక బిట్, వెనకొక బిట్ చేరి పది బిట్లు అవుతాయి. అంటే సెకనుకు 3,125 బైట్లు, ఒక్కో బైట్‌కు 320 మైక్రోసెకన్లు.

ఒక స్వరం మోగడానికి మూడు బైట్లు కావాలి, దాదాపు ఒక మిల్లీసెకను. పది వేళ్లతో ఒకేసారి కీలు నొక్కితే 30 బైట్లు, 9.6 మిల్లీసెకన్లు. రన్నింగ్ స్టేటస్ అనే పద్ధతిలో, వరసగా ఒకే రకం సందేశాలు పోతుంటే సందేశం రకాన్ని, చానల్‌ను చెప్పే మొదటి స్టేటస్ బైట్‌ను మళ్లీ మళ్లీ పంపక్కర్లేదు. అప్పుడు అదే కార్డ్ 21 బైట్లలో అయిపోతుంది, 6.7 మిల్లీసెకన్లు. చెవికి తెలిసే తేడా కాకపోవచ్చు, కానీ డ్రమ్ దెబ్బతో కలిపి వాయిస్తే చేతికి తెలుస్తుంది.

ఇక రెండు ఇన్‌ల సందేశాలను ఒకే అవుట్‌లో కలపడం సంగతి. రెండు ఇన్‌లు నిండుగా వస్తే సెకనుకు 6,250 బైట్లు. అవుట్‌లో పట్టేది 3,125. మిగతావి బాక్స్ లోపలి బఫర్‌లో క్యూ కడతాయి, స్వరాలు వెనకబడతాయి. అందుకే ఫిల్టర్ ఎక్కడ పనిచేస్తుందన్నది నాకు పోర్టుల సంఖ్య కన్నా ముఖ్యం. కలపడానికి ముందు ప్రతి ఇన్ దగ్గరా ఫిల్టర్ ఉండాలి. కలిపిన తర్వాత వడపోస్తే లోపలి క్యూ తగ్గదు, పైగా ఏ ముక్క ఎవరిదో తెలియదు.

క్లాక్‌ను చూసి భయపడక్కర్లేదు. క్వార్టర్ నోట్‌కు 24 బైట్లు, 120 టెంపోలో సెకనుకు 48. వైరు సామర్థ్యంలో అది 1.5 శాతం. అసలు బరువు ఆఫ్టర్‌టచ్‌ది (నొక్కిన కీని ఇంకా అదిమితే వచ్చే సందేశం), పిచ్ బెండ్‌ది (స్వరాన్ని పైకీ కిందికీ వంచేది).

చూసే పరికరం

ఏ వాయిద్యం ఏం పంపుతోందో కళ్లతో చూడకుండా ఫిల్టర్ జాబితా రాయలేం. కంప్యూటర్‌లో మానిటర్ ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి. కానీ రేపు స్టాండ్ మీద గొడవ వచ్చినా పనికొచ్చేలా చిన్నది చేతిలో ఉండాలనుకున్నాను. నా దగ్గర టీన్సీ 4.1 ఉంది, ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. దానిలో ఎనిమిది హార్డ్‌వేర్ సీరియల్ పోర్టులు, యూఎస్‌బీ హోస్ట్‌కు (కంప్యూటర్‌లా యూఎస్‌బీ పరికరాలను నడిపే వైపు) విడిగా పిన్నులు ఉన్నాయి.

ఇన్ సర్క్యూట్‌కు హెచ్11ఎల్1 ఆప్టోకప్లర్ వాడాను. పాత సర్క్యూట్‌లలో ఎక్కువగా కనిపించే 6ఎన్138 ఐదు వోల్టులకు తగినది. ఈ బోర్డు 3.3 వోల్టులది, హెచ్11ఎల్1 దానికి హాయిగా సరిపోతుంది. పిన్ 4 నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్, అక్కడ్నుంచి ఆప్టోకప్లర్ లోపలి ఎల్‌ఈడీ, తిరిగి పిన్ 5. ఎల్‌ఈడీకి ఎదురుగా ఒక డయోడ్. అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ కాబట్టి పుల్-అప్ రెసిస్టర్ ఒకటి. ఇన్ వైపు పిన్ 2ను గ్రౌండ్‌కు కలపలేదు, కలపకూడదు. అవుట్ వైపే దాన్ని గ్రౌండ్‌కు కలుపుతారు. రెండు పరికరాల గ్రౌండ్‌లు ఒకదానికొకటి తగలకుండా ఉండటానికే ఆప్టోకప్లర్ పెట్టారు. రెండు వైపులా కలిపేస్తే స్పీకర్‌లో హమ్ వినిపించడానికి దారి ఇచ్చినట్టే.

చిన్న ఓఎల్‌ఈడీ తెర మీద వచ్చిన బైట్ నంబరు, సెకనుకు ఎన్ని అన్న లెక్క కనిపించేలా ప్రోగ్రామ్ రాశాను. చాలా సులువైన ప్రోగ్రామ్, అయినా ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది అదే.

కీబోర్డ్‌ను ముట్టుకోకపోయినా 254 అన్న బైట్ ఆగకుండా వస్తోంది. అది యాక్టివ్ సెన్సింగ్: నేను బతికే ఉన్నాను, వైరు ఊడలేదు అని చెప్పే సందేశం. ఒక్కసారి ఇది విన్న పరికరం, ఆ తర్వాత 300 మిల్లీసెకన్ల పాటు ఏ సందేశమూ రాకపోతే వైరు ఊడిందనుకుని మోగుతున్న స్వరాలన్నీ ఆపేస్తుంది. కాబట్టి రూటర్‌లో దీన్ని పూర్తిగా పోనివ్వాలి, లేదా పూర్తిగా ఆపాలి. ప్రీసెట్ (బాక్స్‌లో దాచిన దారుల అమరిక) మార్చినప్పుడు ఒక దారిలో వస్తూ వస్తూ మధ్యలో ఆగిపోతే మాడ్యూల్ ఒక్కసారిగా మూగబోతుంది. నేను అన్ని ఇన్‌ల దగ్గరా ఆపేయాలని రాసుకున్నాను.

కీని గట్టిగా అదిమి పట్టుకుంటే ఆఫ్టర్‌టచ్ సెకనుకు వందల బైట్లు పోస్తోంది. నా మాడ్యూల్‌లో వాడే శబ్దాలు దానికి స్పందించవు. పూర్తిగా దండగ, ఆపాలి.

కీబోర్డ్‌లో శబ్దం మార్చే బటన్ నొక్కితే మూడు సందేశాలు వస్తున్నాయి: కంట్రోలర్ 0, కంట్రోలర్ 32 (ఇక్కడ కంట్రోలర్ అంటే పరికరం కాదు, నంబరున్న సందేశం), తర్వాత ప్రోగ్రామ్ చేంజ్. మొదటి రెండూ బ్యాంకును ఎంచుకునేవి, మూడోది ఆ బ్యాంకులో శబ్దాన్ని. ఇక్కడ జాగ్రత్త అవసరం. ప్రోగ్రామ్ చేంజ్‌ను మాత్రమే ఆపే ఫిల్టర్ పెడితే బ్యాంకు సందేశాలు మాడ్యూల్‌కు చేరి అక్కడే గుర్తుండిపోతాయి. శబ్దం అప్పటికి మారదు, కానీ ఎప్పుడో మరో చోటు నుంచి ప్రోగ్రామ్ చేంజ్ వచ్చినప్పుడు వేరే బ్యాంకు నుంచి శబ్దం వస్తుంది. కారణం ఎవరికీ అంతుపట్టదు. ఆపితే మూడింటినీ కలిపి ఆపాలి. అంటే బాక్స్‌కు కంట్రోలర్ నంబరు వారీగా ఆపే తెలివి ఉండాలి. కంట్రోలర్లన్నిటినీ కలిపి ఆపడం తప్ప మరేమీ చేయలేని బాక్స్ నాకు పనికిరాదు, ఎందుకంటే అప్పుడు సస్టెయిన్ పెడల్ కూడా పోతుంది.

పెడల్ గురించి ఇంకో మాట. కీబోర్డ్‌ను రెండుగా చీల్చి ఎడమ చేత్తో మోనో సింథ్‌లో బేస్ వాయిస్తున్నప్పుడు, కుడి చేతి కార్డ్‌ల కోసం తొక్కిన పెడల్ బేస్‌ను కూడా సాగదీస్తుంది. మోనో సింథ్ దారిలో పెడల్ సందేశమైన కంట్రోలర్ 64ను ఆపగానే బేస్ శుభ్రమైంది. ఈ ఒక్క ఫిల్టర్ కోసమైనా రూటర్ కొనొచ్చనిపించింది.

డ్రమ్ మెషీన్ క్లాక్ పంపుతోంది, సరే. ప్యాడ్ కంట్రోలర్ కూడా తన సొంత క్లాక్ పంపుతోంది. రెండు క్లాక్‌లు కలిసి మోనో సింథ్‌కు చేరితే దాని ఆర్పెజియేటర్‌కు (పట్టుకున్న స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి తనే వాయించేది) ఏ టెంపో వినాలో తెలియదు, పరుగులు పెడుతుంది. ప్యాడ్‌ల నుంచి క్లాక్, స్టార్ట్, కంటిన్యూ, స్టాప్ బైట్లు (248, 250, 251, 252) నాలుగూ బంద్.

కలపడానికి పరీక్షలు

బాక్స్ కొనే ముందు ఏం పరీక్షించాలో తెలియడానికి ఒక చిన్న మెర్జ్ బాక్స్‌ను (ఇన్‌లను కలిపేది), ఒక పాత రూటర్‌ను అరువు తెచ్చుకున్నాను. వాటి పేర్లు చెప్పను. పరీక్షలే ముఖ్యం, వీటిని ఏ బాక్స్ మీదైనా చేయొచ్చు.

మొదటిది రన్నింగ్ స్టేటస్ పరీక్ష. టీన్సీ నుంచి చానల్ 1 స్వరాలను స్టేటస్ బైట్ లేకుండా వరసగా పంపుతూ, రెండో ఇన్‌లో చానల్ 10 మీద ప్యాడ్‌లు కొట్టాలి. కలిపే బాక్స్ ఒకరి సందేశం నుంచి మరొకరి సందేశానికి మారినప్పుడల్లా స్టేటస్ బైట్‌ను మళ్లీ చేర్చాలి. చేర్చకపోతే చానల్ 1 స్వరాలు డ్రమ్‌లుగా మోగుతాయి. అరువు తెచ్చిన రెండూ ఈ పరీక్షలో నెగ్గాయి.

రెండోది సిస్‌ఎక్స్ (పరికరం సెట్టింగులను మోసే పొడుగాటి సందేశం) పరీక్ష. మాడ్యూల్ శబ్దాల సెట్టింగులను ముందే టీన్సీలో దాచి, దాన్ని ఒక ఇన్ నుంచి పంపుతూ రెండో ఇన్‌లో కీబోర్డ్ వాయించాలి. 4,096 బైట్ల డంప్ డిన్ వైరు మీద పోవడానికి 1.3 సెకన్లు పడుతుంది. అంతసేపూ దాని మధ్యలో దూరే హక్కు క్లాక్ లాంటి రియల్‌టైమ్ బైట్లకే ఉంది. స్వరాలు డంప్ అయ్యేదాకా ఆగాలి. చిన్న మెర్జ్ బాక్స్ ఆగలేదు, స్వరాలను మధ్యలోకి తోసేసింది. మాడ్యూల్ తెర మీద చెక్‌సమ్ లోపం, అంటే డేటా చెడిందన్న సూచన, కనిపించింది. నేను వాయించేటప్పుడు డంప్‌లు పంపను కాబట్టి దీని జవాబు సులువు: రోజువారీ ప్రీసెట్‌లో సిస్‌ఎక్స్ మొత్తం బంద్, సెట్టింగులు దాచుకునే ప్రీసెట్‌లో సిస్‌ఎక్స్ తప్ప మిగతావన్నీ బంద్.

మూడోది నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది. కీ నొక్కి పట్టుకుని, ప్రీసెట్ మార్చి, అప్పుడు కీ వదలాలి. కొత్త ప్రీసెట్‌లో దారి వేరు కాబట్టి నోట్ ఆఫ్ కొత్త చోటికి పోతుంది. పాత చోట స్వరం మోగుతూనే ఉంటుంది. అరువు తెచ్చిన రూటర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. మంచి బాక్స్‌లు ఏ స్వరాన్ని ఎటు పంపాయో గుర్తుపెట్టుకుని, దాని నోట్ ఆఫ్‌ను కూడా అటే పంపుతాయి. ఇది ఏ బాక్స్ మీదైనా తప్పక చేయాల్సిన పరీక్ష. కీ వదలడాన్ని కొన్ని కీబోర్డ్‌లు నోట్ ఆఫ్‌గా కాక, వెలాసిటీ (కీ నొక్కిన బలం) సున్నా ఉన్న నోట్ ఆన్‌గా పంపుతాయి. వెలాసిటీని మార్చే ఫిల్టర్ ఆ సున్నాను ముట్టుకుని 1 చేసినా స్వరం ఆగదు.

ఇరుక్కున్న స్వరాన్ని ఆపడానికి ఒక వరస రాసుకున్నాను: ముందు కంట్రోలర్ 64కు సున్నా, తర్వాత స్వరాలన్నీ ఆపమనే కంట్రోలర్ 123. పెడల్ తొక్కి ఉన్నట్టు మాడ్యూల్ అనుకుంటుంటే 123 ఒక్కటే పంపినా స్వరం సాగుతూనే ఉంటుంది. అది కూడా కుదరకపోతే కంట్రోలర్ 120, శబ్దాన్ని అక్కడికక్కడే కోసేస్తుంది.

జాక్, యూఎస్‌బీ

మోనో సింథ్ జాక్ సంగతి త్వరగా ముగిసింది. 3.5 మిల్లీమీటర్ల మిడి జాక్‌లు రెండు రకాలు. ఎ రకంలో కొనకు పిన్ 5, రింగ్‌కు పిన్ 4. బి రకంలో తారుమారు. 2018లో ఎ రకాన్ని ప్రమాణంగా ఖరారు చేశారు, కానీ అంతకుముందు వచ్చిన పరికరాల్లో రెండూ ఉన్నాయి. తప్పు రకం వైరు పెడితే ఏదీ కాలిపోదు, ఏదీ వినిపించదు కూడా. నా సింథ్ ఎ రకం. వైరు కొనను ఎర్ర టేపుతో చుట్టి ‘ఎ’ అని రాశాను.

యూఎస్‌బీ కథ మాత్రం వేరు. ప్యాడ్‌లకు ఉన్న యూఎస్‌బీ పోర్టు డివైజ్ రకం, అవతల హోస్ట్ ఉంటే తప్ప మాట్లాడదు. చాలా మిడి బాక్స్‌ల మీద కనిపించే యూఎస్‌బీ పోర్టు కూడా డివైజ్ రకమే, కంప్యూటర్‌కు కలపడానికి పెట్టింది. రెండు డివైజ్‌లను వైరుతో కలిపితే ఏమీ జరగదు. కాబట్టి వివరాల్లో యూఎస్‌బీ అన్న మాట చూడగానే హోస్టా, డివైజా అని అడగాలి. దాని తర్వాత ఇంకో రెండు: ప్యాడ్ కంట్రోలర్ ప్రత్యేక డ్రైవర్ లేకుండా పనిచేసే క్లాస్ కంప్లయంట్ రకమేనా? హోస్ట్ దానికి కావలసినంత కరెంట్ ఇవ్వగలదా? యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి ఒక పరికరం 500 మిల్లీఆంప్‌ల వరకు అడగొచ్చు. లైట్లు నిండుగా ఉన్న ప్యాడ్‌లు అడుగుతాయి కూడా.

రకాల పరిశీలన

పాత కాలపు ప్యాచ్‌బేలను (ఏ ఇన్‌ను ఏ అవుట్‌కైనా కలిపే పెట్టెలు) ప్రేమగా చూశాను. రోలాండ్ ఏ-880, యమహా ఎంజేసీ8 లాంటివి ఎనిమిది ఇన్, ఎనిమిది అవుట్‌లతో వచ్చాయి. ముఖం మీద బటన్లు, దీపాలు; దారి మార్చాలంటే నొక్కితే చాలు. ఆ సౌకర్యం ఇప్పటికీ గొప్పదే. కానీ నాకు కావలసిన కంట్రోలర్ నంబరు వారీ ఫిల్టర్లు ఈ తరహా బాక్స్‌ల పని కాదు.

మిడి సొల్యూషన్స్ వాళ్ల చిన్న డబ్బాలు మిడి వైరు నుంచే కరెంట్ తీసుకుంటాయి, అడాప్టర్ అక్కర్లేదు. ఈవెంట్ ప్రాసెసర్‌లో ఒకసారి కంప్యూటర్‌తో నియమాలు రాసి పెడితే తర్వాత అదే పని చేసుకుపోతుంది. ఒక్క వైరు మధ్యలో ఒక్క పని చేయించాలంటే దానికన్నా శుభ్రమైన మార్గం లేదు. మూడు దారులు మూడు వైపులకు పోవాలంటే మాత్రం డబ్బాల వరస తయారవుతుంది.

కండక్టివ్ ల్యాబ్స్ ఎంఆర్‌సీసీలో రూటింగ్ ముఖం మీదే చేసుకోవచ్చు, యూఎస్‌బీ హోస్ట్ పోర్టులూ ఉన్నాయి. వారానికో కొత్త సెటప్ కట్టేవాళ్లు ముందు దీన్ని చూడాలి. ఐకనెక్టివిటీ మియోఎక్స్ఎమ్‌లో నాలుగు డిన్ ఇన్, నాలుగు అవుట్, యూఎస్‌బీ హోస్ట్, ఈథర్‌నెట్ మీద మిడి ఉన్నాయి. నెట్‌వర్క్ అవసరం ఉన్న స్టూడియోకు ఇది సరైన జవాబు. సీఎంఈ యూ6మిడి ప్రోలో మూడు ఇన్, మూడు అవుట్. ఫిల్టర్, మ్యాపింగ్ ఒకసారి సాఫ్ట్‌వేర్‌తో పెట్టి దాచుకుంటే తర్వాత కంప్యూటర్ లేకుండా నడుస్తుంది. బ్లోకాస్ మిడిహబ్‌లో నాలుగు ఇన్, నాలుగు అవుట్. ఎడిటర్‌లో ఒక్కో ఇన్ నుంచి ఒక్కో అవుట్‌కు గొట్టాలు కలిపినట్టు ఫిల్టర్, చానల్ మార్పు, ట్రాన్స్‌పోజ్ వరసగా పేర్చుకోవచ్చు. ప్రీసెట్లు బాక్స్‌లోనే ఉంటాయి, మార్చడానికి బటన్ ఉంది.

సొంతంగా తయారు చేయడం కూడా ఆలోచించాను. టీన్సీ 4.1తో సాధ్యమే, హోస్ట్ కూడా అందులోనే ఉంది. కానీ రోజూ ఆధారపడే బాక్స్‌లో లోపం వచ్చినప్పుడు, వాయించాల్సిన సమయంలో కూర్చుని కోడ్ చదవడం నాకు ఇష్టం లేదు. చూసే పరికరంగా అది చక్కగా ఉంది, అలాగే ఉండనిచ్చాను.

నిర్ణయం

సెట్టింగులు రాయడానికి అప్పుడప్పుడు కంప్యూటర్ కావలసి రావడం నాకు ఇబ్బంది కాదు. నా దారులు స్థిరమైనవి, కాగితం మీద ఉన్నాయి. కరెంట్ పోయి వచ్చినా బాక్స్‌కు అవి గుర్తుండాలి, అంతే. ఇలా చూస్తే ముఖం మీద నిండా బటన్లు ఉన్న బాక్స్ అవసరం తగ్గింది, ప్రతి ఇన్ దగ్గరా సన్నగా ఫిల్టర్ చేసే బాక్స్ అవసరం పెరిగింది.

యూ6మిడి ప్రో నా పట్టికకు సరిగ్గా సరిపోతుంది. సరిగ్గా సరిపోవడమే నన్ను ఆపింది. ఒక్క సాకెట్ కూడా మిగలదు. మిడిహబ్ తీసుకున్నాను. ఒక ఇన్, ఒక అవుట్ ఖాళీగా ఉంటాయి.

ప్యాడ్‌ల కోసం సీఎంఈ హెచ్2మిడి ప్రో విడిగా తీసుకున్నాను: యూఎస్‌బీ హోస్ట్, ఒక డిన్ ఇన్, ఒక డిన్ అవుట్. హోస్ట్ ఉన్న ఒకే పెద్ద బాక్స్ ఎందుకు కాదంటే, ప్యాడ్‌లు గదికి అవతలి చివర వేరే స్టాండ్ మీద ఉంటాయి. యూఎస్‌బీ 2.0 వైరు ఐదు మీటర్లు దాటకూడదు. డిన్ మిడి వైరు పదిహేను మీటర్ల వరకు పోతుంది. హోస్ట్‌ను ప్యాడ్‌ల పక్కనే ఉంచి, పొడుగు దూరాన్ని డిన్ వైరుకు వదిలేశాను. డిన్ ప్లగ్ మీద కాలు పడ్డా యూఎస్‌బీ ప్లగ్ అంత సులువుగా ఊడదు కూడా. ప్యాడ్‌ల క్లాక్‌ను ఈ చిన్న బాక్స్‌లోనే ఆపేశాను, అసలు వైరు ఎక్కదు.

ప్రీసెట్లు

మొదటిది రోజువారీది. పట్టికలో ఉన్నది ఉన్నట్టు, కానీ కీబోర్డ్ చీలిక లేకుండా. యాక్టివ్ సెన్సింగ్, ఆఫ్టర్‌టచ్, సిస్‌ఎక్స్, బ్యాంకు, ప్రోగ్రామ్ చేంజ్ అన్నీ బంద్. రెండోదాంట్లో 60కి కింద మోనో సింథ్, దాని దారిలో పెడల్ బంద్. మూడోది దాచుకోవడానికి: మాడ్యూల్ అవుట్‌ను ఖాళీగా ఉన్న నాలుగో ఇన్‌కు కలిపి, సిస్‌ఎక్స్ మాత్రమే పోనిచ్చేలా. నాలుగోది ఆపద్ధర్మం: కీబోర్డ్ నుంచి మాడ్యూల్‌కు స్వరాలు, పెడల్, పిచ్ బెండ్, ఇంకేమీ లేవు. ఏదో తేడాగా ఉందని అనిపించిన క్షణంలో దీనికి మారిపోతే పాట ఆగదు, కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

ఫిల్టర్లను ఎప్పుడూ వరసలో మొదటే పెట్టాను, చానల్ మార్పు ఆ తర్వాత. ముందు చానల్ మార్చేస్తే, చానల్ ఆధారంగా పెట్టిన ఫిల్టర్‌కు సందేశం ఎక్కడ్నుంచి వచ్చిందో తెలిసే వీలు పోతుంది.

టీన్సీని ఒక్కో అవుట్‌కు కలిపి చూశాను. కీబోర్డ్ ముట్టుకోనప్పుడు మాడ్యూల్ దారి పూర్తిగా నిశ్శబ్దం, సున్నా బైట్లు. డ్రమ్ మెషీన్ 120 టెంపోలో నడుస్తుంటే మోనో సింథ్ దారిలో సెకనుకు 48, ఒక్కటీ ఎక్కువ లేదు. రెండు చేతులతో అదిమి వాయించినా ఆఫ్టర్‌టచ్ జాడ లేదు. ల్యాప్‌టాప్‌ను గదిలోంచి తీసేశాను.

ఇంకా చేయాల్సినవి

కీబోర్డ్ ఎక్స్‌ప్రెషన్ పెడల్ కంట్రోలర్ 11 పంపుతుంది. రెండో ప్రీసెట్‌లో దాన్ని మోనో సింథ్ దారిలో 74కు మార్చాలి, అప్పుడు కాలితోనే సింథ్ ఫిల్టర్ (సందేశాలను కాదు, శబ్దాన్ని వడపోసేది) తెరుచుకుంటుంది. పెడల్ పూర్తి వెనక్కి ఉన్నప్పుడు శబ్దం మరీ మూసుకుపోకుండా కింది విలువ 30 దగ్గర ఆగేలా పరిధి సర్దాలి. ప్రీసెట్ ఫైళ్లకు రెండో కాపీ, పట్టిక కాగితానికి ఫోటో తీసి పెట్టుకోవాలి. నాలుగో అవుట్ ఇంకా ఖాళీగా ఉంది. రివర్బ్ యూనిట్‌కు మిడి ఇన్ ఉంది, దానికి డ్రమ్ మెషీన్ క్లాక్ ఇచ్చి డిలే టైమ్‌ను టెంపోతో కట్టేయడం తర్వాతి పని.